కాంతి కూడా ఒక డోసే

మందు వేశాం, లైటు వేశాం, క్యాన్సర్ కణాలు చచ్చాయి. మరి వాటిని చంపిందేమిటి? ఫోటోడైనమిక్ థెరపీ ల్యాబ్‌లో అసలు ప్రశ్న ఇదే. జవాబు బయాలజీ వాళ్ల దగ్గరే కాదు, లైట్ బాక్స్ తయారుచేసే మనలాంటి వాళ్ల చేతిలో కూడా ఉంది.

1900 ప్రాంతంలో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి అక్రిడిన్ అనే రంగు కలిపిన నీళ్లలో పారమీషియాలను గమనించాడు. వెలుతురుంటే అవి త్వరగా చచ్చిపోయేవి, వెలుతురు తగ్గితే చాలాసేపు బతికేవి. ఈ చికిత్సకు బీజం అక్కడే పడింది. దీనికి మూడు కావాలి: కాంతిని పీల్చుకునే మందు, దానికి సరిపోయే కాంతి, ఆక్సిజన్. మందు తాను పీల్చుకున్న శక్తిని ఆక్సిజన్‌కు అందిస్తే అది సింగ్లెట్ ఆక్సిజన్‌గా మారి కణాన్ని లోపలినుంచే దెబ్బతీస్తుంది.

ల్యాబ్‌లో కణాలను 96 గుంతలున్న ప్లాస్టిక్ ప్లేటులో పెంచుతారు. ప్లేటు కింద ఎల్ఈడీల వరస. ప్రోటోపోర్ఫిరిన్ మీద పనిచేయాలంటే సుమారు 635 నానోమీటర్ల ఎరుపు కాంతి వాడొచ్చు. డోసు లెక్క మనకు తెలిసిందే: చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీవాట్ల కాంతిని 500 సెకన్లు ఇస్తే 5 జౌళ్లు.

లెక్క ఇంత సులువైతే చిక్కెక్కడ? మధ్య గుంతలకు చుట్టూ ఉన్న ఎల్ఈడీల కాంతి కూడా చేరుతుంది, అంచు గుంతలకు అంత చేరదు. ఎల్ఈడీలు వేడెక్కితే ప్లేటూ వేడెక్కుతుంది. కణాలకు కావాల్సింది 37 డిగ్రీలు. అది బాగా దాటితే వేడికి చచ్చినవాటిని కూడా మందు ఖాతాలో రాసేస్తాం! అందుకే హీట్ సింక్, ఫ్యాన్, ప్రతి గుంత దగ్గరా పవర్ మీటర్ రీడింగ్ తప్పనిసరి. పైగా కాంతిని మరీ పెంచి టైమ్ తగ్గిస్తే, జౌళ్లు అవే అయినా, ఆక్సిజన్ ముందే అయిపోయి ఫలితం మారిపోవచ్చు.

అందుకే ప్రయోగంలో నాలుగు గుంపులు పెడతారు: ఏమీ లేనివి, మందు మాత్రమే, కాంతి మాత్రమే, రెండూ. మర్నాడు ఎమ్‌టీటీ అనే పసుపు రంగు పదార్థం కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకు మారుస్తాయి. "కాంతి మాత్రమే" గుంపులోనూ ఊదా బాగా తగ్గిందంటే ముందు అనుమానించాల్సింది మన బాక్సునే.

మినీ ప్రాజెక్టుకు ఐడియా వెతుక్కుంటున్నారా? ఎల్ఈడీలు వెలిగించడం ఎవరైనా చేస్తారు. 96 గుంతలకూ ఒకే కాంతి అందించి, అందిందని కొలిచి చూపించండి. ఆ బాక్సు మీద వచ్చిన ఫలితాన్ని రేపు ఒక డాక్టర్ ధైర్యంగా నమ్మొచ్చు.