సైకిల్ కొనేటప్పుడు బరువు దాచకండి

"మీ బరువెంత?"

సైకిల్ షాపులో కుర్రాడు మామూలుగానే అడిగాడు. పక్కన మా ఆవిడ, వెనక ఇంకో ఇద్దరు కస్టమర్లు. "నూరు కిలోలు" అన్నాను. అసలు బరువు 112. మా ఆవిడ నా వంక ఓ చూపు చూసింది గానీ, నలుగురిలో ఏమీ అనలేదు.

మేముండేది ఇంగ్లండులో, మిల్టన్ కీన్స్‌లో. సైకిళ్ళకీ, నడిచేవాళ్ళకీ ఊరంతా రెడ్‌వేలనే బాటలున్నాయి, అన్నీ కలిపి 200 మైళ్ళ పైమాటే. మా ఆఫీసు ఆరు మైళ్ళు. షుగరు హద్దు దాటబోతోందని డాక్టరు గట్టిగా చెప్పాక, కారు మాని సైకిల్ ఎక్కుదామనుకున్నాను. ఉత్త సైకిల్ తొక్కే ఓపిక లేదు కనుక ఎలక్ట్రిక్ సైకిల్. 700 పౌండ్లలో ఒకటి దొరికింది. 120 కిలోల దాకా మోస్తుందని రాసి ఉంది. ఇంకేం, చాలనుకున్నాను.

మూడో నెలలో వెనక చక్రం చువ్వ ఒకటి టప్పున తెగింది. బాగు చేయిస్తే పది రోజులకు ఇంకోటి. ఐదో చువ్వ తెగిన రోజు వానలో రెండు మైళ్ళు సైకిల్ తోసుకుంటూ ఇంటికొచ్చాను. నా ఒంటికి సైకిల్ పనికిరాదని తేల్చుకుని షెడ్డులో పడేశాను. ఆరు నెలలు దాని మొహం చూడలేదు.

తప్పు ఒంటిది కాదు, లెక్కది. చాలా సైకిళ్ళ మీద రాసే ఆ అంకె మనిషి బరువు కాదు. సైకిల్, మనిషి, సామాను అన్నీ కలిపిన బరువు. నా సైకిలే 24 కిలోలు. బ్యాగు, తాళం, టిఫిన్ డబ్బా కలిపి 6. నేను 112. మొత్తం 142! కాబట్టి అంకె చూడగానే "ఇది మొత్తం బరువా, మనిషి బరువా?" అని అడగండి. సామాను పెట్టే క్యారియర్‌కి వేరే హద్దుంటుంది, అదీ అడగండి.

రెండోసారి వెళ్ళినప్పుడు మోటారు సంగతి తర్వాత అడిగి, ముందు చక్రాలు చూశాను. మన బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది. అందుకని రెండు పొరల రిమ్ము, 36 లావుపాటి చువ్వలు, కనీసం రెండంగుళాల వెడల్పు టైర్లు ఉన్నది ఎంచుకున్నాను. కొత్త చక్రం చువ్వలు మొదట్లో కాస్త వదులవుతాయి. మొదటి వంద మైళ్ళు తిరిగాక బిగింపు సరిచేయించాలి. మన ఊళ్ళో సైకిల్ షాపతను బెండు తీసేవాడే, అదే పని. బ్రేకులు హైడ్రాలిక్ డిస్క్‌వి, 180 మిల్లీమీటర్ల డిస్కులు. బరువైన బండిని కదిలించడం కన్నా ఆపడం ముఖ్యం కదా!

ఇక మోటారు. ఇక్కడి చట్టం ప్రకారం 250 వాట్లకు మించకూడదు, గంటకు 15.5 మైళ్ళు దాటాక మోటారు సాయం ఆగిపోవాలి. అలాగైతే లైసెన్సు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. "లావుగా ఉన్నావు, 750 వాట్లది కొనుక్కో" అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. అది చట్టం దృష్టిలో సైకిల్ కాదు, మోటారు వాహనం. అందరివీ 250 వాట్లే గనక పోల్చాల్సింది వాట్లు కాదు, టార్క్, అంటే తిప్పే బలం. ఇది న్యూటన్ మీటర్లలో రాస్తారు. మా ఊరు దాదాపు చదును, కనుక చక్రంలో ఉండే చవక మోటారు చాలు. షెఫీల్డ్ లాంటి ఎత్తుపల్లాల ఊళ్ళో ఉండేవాళ్ళు మాత్రం పెడళ్ళ దగ్గరుండే మోటారు తీసుకోవడం మేలు. అది గేర్లను వాడుకుంటుంది గనక ఎత్తు ఎక్కేటప్పుడు నీరసించదు.

బ్యాటరీకి వోల్టులనూ యాంపియర్ గంటలనూ గుణించండి. నాది 36 వోల్టులు, 14 యాంపియర్ గంటలు, అంటే 504 వాట్ అవర్లు. ప్రకటనల్లో రాసే మైళ్ళు తేలికపాటి మనిషివి. నాకు పాతిక మైళ్ళు వస్తోంది, ఆఫీసుకు రానూపోనూ రెండు రోజులకు సరిపోతుంది. చార్జింగ్ మాత్రం దానితో వచ్చిన చార్జరుతోనే, మెలకువగా ఉన్నప్పుడే, గుమ్మానికి అడ్డం లేని చోటే పెడతాం.

రెండో సైకిల్ 1,300 పౌండ్లయింది. మా ఆఫీసులో సైకిల్ టు వర్క్ పథకం ఉంది. పన్ను కోయకముందే జీతంలోంచి నెలనెలా కట్టుకోవచ్చు, కాబట్టి కొంత కలిసొచ్చింది. ముందే ఇది కొనుంటే ఆ 700 పౌండ్లు మిగిలేవి.

ఏడాది దాటింది. ఒక్క చువ్వ తెగలేదు. బరువు 107కి వచ్చింది, షుగరు హద్దులోనే ఉంది. అన్నట్టు, రెండోసారి షాపులో బరువెంతని అడిగినప్పుడు 112 అని గట్టిగానే చెప్పాను. ఎవరూ తల తిప్పి చూడలేదు. ఆ అమ్మాయి రాసుకుని, "అయితే ఇటు రండి" అని వేరే వరసలోకి తీసుకెళ్ళింది. అంతే!