బాలల కథలలో డౌన్ సిండ్రోమ్ గల తోబుట్టువు

రామలక్ష్మణుల అన్యోన్యత నెరుగని తెలుగు బిడ్డ యుండడు. తోబుట్టువుల ప్రేమకు మన సాహిత్యమున కొదువ లేదు. కాని ఈడు పిల్లలవలె మాటలు రాని తమ్మునితోనో, పాఠములు పట్టుబడని చెల్లెలితోనో పెరుగు బాలుని మనసును చూపు కథలు మనకు అరుదు. బుద్ధిమాంద్యము మన కథలలోనికి తరచుగా నవ్వు పుట్టించుటకే వచ్చినది. పరమానందయ్య శిష్యులే యిందుకు నిదర్శనము. ఆ కథలకు నవ్వుట తప్పు కాదు. అయితే, ఇంట అట్టి తమ్ముడున్న బాలునికి తరగతిలోని ఆ నవ్వు వేరుగా వినబడును. అతని పక్షమున మాటాడు కథలను గూర్చి తల్లిదండ్రులకు కొంత విన్నవింపదలచితిమి.

ముందుగా ఆ స్థితి యెట్టిదో తెలిసికొందము. 1866లో దీనిని వర్ణించిన ఆంగ్ల వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ పేరు దీనికి నిలిచినది. కారణము మాత్రము 1959లో గాని వెల్లడి కాలేదు. మనుష్యుని కణములో సాధారణముగా 46 క్రోమోజోము లుండును. ఈ బిడ్డలలో ఎక్కువమందికి 21వ క్రోమోజోము రెండింటికి మారుగా మూడుండుటచే మొత్తము 47 అగునని జెరోమ్ లెజూన్, మార్త్ గోతియే మొదలగు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆ యేట ప్రకటించిరి. ఇది అంటువ్యాధి కాదు, గ్రహణదోషము కాదు, తల్లి చేసిన పాపము అంతకన్న కాదు. సుమారు వేయి జననములలో ఒకటి యిట్టిది. ఈ పిల్లలు నడకయు మాటయు ఆలస్యముగా నేర్తురు. దాదాపు సగముమందికి గుండెలో లోపముండును గాన వైద్యపరీక్ష తప్పనిసరి. వీరు నోట చెప్పగలిగిన దానికంటె మనసున గ్రహించునది యెక్కువ. చెవితో విన్నదానికంటె కంటితో చూచినది సులభముగా నేర్తురు. అందుచే బొమ్మల కథల పుస్తకము ఇంటిలోని పిల్లల కిరువురకు నుపకరించును.

అమెరికా రచయిత్రి స్టెఫనీ స్టూవ్-బోడీన్ రచించిన 'వియ్ విల్ పెయింట్ ది ఆక్టోపస్ రెడ్' అను బొమ్మల కథ 1998లో వెలువడినది. ఎమ్మా అను చిన్నపిల్ల, పుట్టబోవు బిడ్డతో తాను చేయదలచిన పనులను తండ్రితో కలిసి లెక్కించుకొనుచుండును. తమ్ముడు పుట్టెను, అతనికి డౌన్ సిండ్రోమ్ కలదని తండ్రి దుఃఖముతో చెప్పెను. ఎమ్మా తన పట్టిక నంతయు మరల తీసి, బంతి తన్నలేడా, అది చేయలేడా, ఇది చేయలేడా యని ఒక్కొక్కటిగా అడుగును. ఓపికతో నేర్పినచో చేయగలడనియే ప్రతిసారి తేలును. పెద్దలు శోకములో మరచిన ప్రశ్నను పసిబిడ్డ అడిగినది. ఈ కథ బలమంతయు అందే యున్నది.

2005లో వచ్చిన దీని తరువాయి కథలో తమ్మునికి మూడేండ్లు నిండవచ్చినవి. అతనికి మాట రానందున ఇంటివారు చేతిసైగలు నేర్పుచుందురు. అతడు త్వరగా నేర్వకుండుటచే అక్క విసుగుకొనును. రచయిత్రి ఆ విసుగును దాచలేదు. మన యిండ్లలోని పిల్లలకును ప్రేమతోబాటు సిగ్గు, అసూయ, 'అమ్మకు వాడే లోకము' అను బాధ కలుగును. అట్టి భావములు తనకొక్కనికే కలుగుటలేదని తెలిసిన బిడ్డ మనసు తేలికపడును.

ఇట్టి కథలలో రెండు దోషములను గుర్తింపవలెను. బిడ్డను నవ్వులపాలు చేయుట మొదటిది. బిడ్డను దేవతామూర్తిగా చేసి, ఇతరులకు నీతి నేర్పుటకే పుట్టినట్లు చూపుట రెండవది. మంచి కథలో ఆ బిడ్డకు సొంత అల్లరి, కోపము, ఇష్టానిష్టములు ఉండును. డౌన్ సిండ్రోమ్‌ను గూర్చినది కాకున్నను, బెంగుళూరు రచయిత్రి జైనబ్ సులేమాన్ ఆంగ్లమున వ్రాసిన 'సింప్లీ నంజు' ఈ విషయమున చదువదగినది. అందు వైకల్యముగల పిల్లలు స్నేహము చేయుదురు, తగవులాడుదురు, దొంగతనపు గుట్టు విప్పజూతురు.

ఈ నగరమున మనకు మరియొక చిక్కు కలదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఆంగ్లము. మందగతిగల బిడ్డకు ఇన్ని భాషలు భారమని, తెలుగు మానుడని కొందరు హితవు చెప్పుదురు. కెనడాలో జరిగి 2005లో ప్రకటితమైన పరిశీలనలో, రెండు భాషలు వినుచు పెరిగిన డౌన్ సిండ్రోమ్ పిల్లలు ఒకే భాష గల అట్టి పిల్లలకంటె వెనుకబడినట్లు కనబడలేదు. తెలుగు మానినచో ఆ బిడ్డ అవ్వ మాటకు, అన్న జోలపాటకు, భోజనమువేళ కబుర్లకు దూరమగును. మాటాడుటకు కష్టపడు బిడ్డకు ఇంటివారి మాటనే కరవు చేయుట న్యాయము కాదు.

కావున పై కథలు ఆంగ్లములో దొరకినను, వానిని ఇంట తెలుగున చెప్పుడు. బొమ్మ చూపి, చిన్న వాక్యములలో, ఒకే కథను పలుమారులు చెప్పుడు. అన్నయో అక్కయో చదువగా చిన్నవాడు పుట త్రిప్పవచ్చును. పెద్దబిడ్డ 'వీడు ఎప్పుడు బాగగును?' అని యడిగినచో, ఇది మాయమగు జబ్బు కాదని, వాడు తన తీరున ఎదుగునని నిజమే చెప్పుడు. ఇంట అట్టి బిడ్డ లేనివారును ఈ కథలు చెప్పవలెను. వారి పిల్లల ప్రక్క బల్లపై కూర్చుండువాడు అట్టి తమ్ముడు గలవాడు కావచ్చును.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ పిల్లలకు ఆరు మొదలు పదునెనిమిది యేండ్లవరకు ఉచితవిద్య హక్కు నిచ్చినది. చట్టము బడి తలుపు తెరవగలదు. లోనికి వచ్చిన బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలసినవారు మన పిల్లలు. అందుకు వారిని సిద్ధపరచు పని మనము చెప్పు కథలది.