మార్కులు వేయని గురువు

ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాలలో దాదాపు ప్రతి పదవికీ ఒక కొలత ఉంటుంది; పాఠాలు, పరిశోధన పత్రాలు, దస్త్రాలు, జమాఖర్చులు ఆ కొలతలు. వీటిలో దేనికీ సరిగా అందని పదవి చాప్లిన్‌ది. ఊరి చర్చికి కాక సైన్యం, ఆసుపత్రి, జైలు, విద్యాలయం వంటి ఒక సంస్థకు నియమితులైన క్రైస్తవ గురువును సంప్రదాయంగా చాప్లిన్ అంటారు. ఇక్కడ ముఖ్యంగా చెప్పుకునేది ఆంగ్లికన్ చాప్లిన్ల గురించి. ఆంగ్లికన్ అనే మాట 16వ శతాబ్దంలో రోమ్ పోపు అధికారం నుంచి విడిపోయిన ఇంగ్లండ్ సంఘానికీ, దాని నుంచి ప్రపంచమంతటా విస్తరించిన సంఘాలకూ వర్తిస్తుంది. తెలుగు క్రైస్తవులలో పలువురు ఆరాధన నడిపించే బోధకుణ్ణి కూడా గురువు అనే పిలుస్తారు కనుక, ఇలాంటి ప్రాంగణంలో మార్కులు వేసే గురువులూ, వేయని గురువూ పక్కపక్కనే ఉంటారని చెప్పుకోవచ్చు.

చాప్లిన్ అనే మాటకు మూలం ఒక పైబట్ట. నాలుగో శతాబ్దంలో మార్టిన్ అనే రోమన్ సైనికుడు, అమియాన్ నగర ద్వారం దగ్గర చలికి వణుకుతున్న బిచ్చగాణ్ణి చూసి, తన పైబట్టను కత్తితో రెండుగా కోసి సగం అతనికి కప్పాడని సంప్రదాయ కథ చెబుతుంది. తరువాత టూర్ నగరానికి బిషప్ అయిన ఆ మార్టిన్ వస్త్రంగా భావించిన గుడ్డను ఫ్రాంకు రాజులు పవిత్రంగా దాచుకున్నారు. లాటిన్‌లో ఆ చిన్న పైబట్ట పేరు కప్పెల్లా. దాన్ని ఉంచిన మందిరమే చాపెల్ అనీ, కాపాడిన గురువులే చాప్లిన్లనీ పిలువబడ్డారు. రాజుల కొలువులో పుట్టిన పదవి పేరులో చలికి వణికిన ఒక పేదవాడి జ్ఞాపకం నిలిచిపోవడం ఈ మాటకున్న అందం.

అయితే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఈ పదవి చరిత్ర చాలాకాలం అధికారపు నీడలోనే సాగింది. ఇంగ్లండ్ సంఘ సిద్ధాంతాలను క్రోడీకరించిన 39 సూత్రాలకు సమ్మతి తెలుపుతూ సంతకం చేయనిదే ఆక్స్‌ఫర్డ్‌లో ప్రవేశం లేదు, కేంబ్రిడ్జిలో పట్టా లేదు. కళాశాల ప్రార్థనలకు హాజరు కావడం విద్యార్థి ఇష్టానికి వదిలిన విషయం కాదు. అధ్యాపకులలో అధికభాగం అభిషేకం పొందిన గురువులే. కాథలిక్కులకూ, యూదులకూ, బాప్టిస్టులకూ ఈ తలుపులు మూసే ఉండడం చూసి, మతపరీక్ష లేని విద్యాలయం కావాలని కోరినవారు 1826లో లండన్‌లో నేటి యూనివర్సిటీ కాలేజీని స్థాపించగా, దేవుడు లేని చదువు చదువే కాదని నమ్మిన ఆంగ్లికన్లు 1829లో కింగ్స్ కాలేజీని నెలకొల్పారు. ఆక్స్‌ఫర్డ్ 1854లోను, కేంబ్రిడ్జి 1856లోను తొలి పట్టా వరకు నిబంధనను సడలించాయి. 1871 నాటి చట్టం వేదాంత విభాగాన్ని మినహాయించి తక్కిన పట్టాలకూ, పదవులకూ ఆ సంతకాన్ని పూర్తిగా రద్దుచేసింది.

ఆ సంతకం ఇంకా తప్పనిసరిగా ఉన్న కాలంలోనే ఆక్స్‌ఫర్డ్ ఓరియల్ కళాశాలలో ఆలోచించదగిన తగవు ఒకటి నడిచింది. 1826లో అక్కడ ట్యూటర్‌గా చేరిన జాన్ హెన్రీ న్యూమన్, విద్యార్థి చదువుతోపాటు అతని ఆత్మ బాధ్యత కూడా ట్యూటర్‌దేనని వాదించగా, కళాశాల అధిపతి హాకిన్స్ అంగీకరించక, క్రమంగా ఆయనకు కొత్త విద్యార్థులను అప్పగించడం మానేశారు. న్యూమన్ ఆరాటం ఉదాత్తమైనదే. కానీ చదువులో వెనుకబడిన కుర్రవాడు తన భయాన్ని, తన చదువుపై తీర్పు చెప్పే మనిషి దగ్గరే విప్పగలడా అన్న ప్రశ్నకు ఆ వాదంలో జవాబు లేదు. బోధననూ ఆదరణనూ వేరుచేసిన తరువాతి కాలపు ఏర్పాటు, చర్చి పెద్దలలో కొందరికి నష్టంగా తోచినా, విద్యార్థికి మేలే చేసింది.

నిర్బంధం పోయాక చాప్లిన్ చేతిలో మిగిలింది ఆహ్వానం ఒక్కటే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కళాశాలలు తమ చాప్లిన్లకు తామే జీతమిస్తాయి. తక్కిన విశ్వవిద్యాలయాలలో చాలాచోట్ల జీతం బిషప్ పాలించే చర్చి అధ్యక్ష మండలం నుంచి, గది విశ్వవిద్యాలయం నుంచి, సేవ చేసే అనుమతిపత్రం స్థానిక బిషప్ నుంచి వస్తాయి. రెండో ప్రపంచయుద్ధం తరువాత వెలసిన విద్యాలయాలు ఈ పదవిని మరో మలుపు తిప్పాయి. కీల్ విశ్వవిద్యాలయంలో 1965లో తెరిచిన ప్రార్థనాలయాన్ని ఆంగ్లికన్లు, కాథలిక్కులు, ఇతర ప్రొటెస్టంట్లు కలిసి వాడుకున్నారు. లాంకాస్టర్‌లో 1969లో వచ్చిన చాప్లిన్సీ భవనం యూదులకూ ఒకే కప్పుకింద చోటిచ్చింది. నేడు ముస్లిం, హిందూ, సిక్కు, బౌద్ధ చాప్లిన్లు కూడా ఉన్న చోట్ల ఆంగ్లికన్ చాప్లిన్ తరచుగా వారందరినీ కలిపి నడిపే సమన్వయకర్త. ఇంగ్లండ్ సంఘం 1994 నుంచి స్త్రీలకు గురుత్వాభిషేకం ఇస్తున్నందున ఆ కుర్చీలో ఒక మహిళ ఉండడం ఇప్పుడు మామూలు విషయమే.

వీరి పనిదినాన్ని పట్టిక వేసి చూపడం కష్టం. ఆదివారం ప్రభు భోజన సంస్కారం, పట్టాల ప్రదానోత్సవం, నవంబరులో యుద్ధమృతుల స్మరణ వంటివి క్యాలెండరులో కనిపించే పనులు. అసలు పని వాటి నడుమ సందులలో జరుగుతుంది. పరీక్షల ముందు నిద్రపట్టని విద్యార్థి, భర్తకు జబ్బు చేసిన గుమస్తా, నమ్మకం సడలిపోయిందని ఎవరికీ చెప్పుకోలేని వేదాంత ఆచార్యుడు ఒకే తలుపు తడతారు. మానసిక సలహాదారు దగ్గర నిర్ణీత వేళలుంటాయి, వైద్య పద్ధతి ఉంటుంది. చాప్లిన్ దగ్గర టీ కెటిలూ, తొందర లేని వేళా ఉంటాయి. వైద్యం అవసరమైన చోట అటు పంపించడం కూడా మంచి చాప్లిన్ విధి. గోప్యతకు సంబంధించి ఒక తేడా గమనించదగినది: ఎవరైనా సంస్కారంగా, అంటే దేవుని ఎదుట క్షమాపణ కోరుతూ, గురువు దగ్గర చేసిన పాపపు ఒప్పుకోలును వెల్లడించరాదని 1603 నాటి సంఘ నియమం శాసిస్తుంది, మామూలు సంభాషణలో మాత్రం ప్రాణాపాయం తెలిసివస్తే సంబంధితులకు చెప్పక తప్పదు.

చాప్లిన్ కొలువులో బయటివారికి కళ్లకు కట్టే దృశ్యం సాయంకాల ఆరాధన. కళాశాల ప్రార్థనాలయాలలో బల్లలు వేదికవైపు కాక ఎదురెదురుగా ఉంటాయి కనుక, కూర్చున్నవారికి కొవ్వొత్తి వెలుగులో ముందుగా కనిపించేది అవతలి వరుసలోని మరో మనిషి ముఖం. దావీదు కీర్తనలు, మరియ పాడిన స్తుతి, వృద్ధుడైన సుమెయోను పాట, చిన్న చిన్న ప్రార్థనలు. ముప్పావుగంటలో అంతా ముగుస్తుంది. ఎవరినీ ఏమి నమ్ముతావని అడగని ఈ ఆరాధనకు ఏ మతమూ లేనివారు కూడా వచ్చి మౌనంగా కూర్చుని వెళతారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనిక చాప్లిన్‌గా పనిచేసి వచ్చిన ఎరిక్ మిల్నర్-వైట్, కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాలలో 1918 క్రిస్మస్‌కు తొమ్మిది బైబిల్ పాఠాలు, క్రిస్మస్ గీతాలతో కూడిన ఆరాధనను ప్రవేశపెట్టారు. ఎందరో విద్యార్థులను యుద్ధానికి బలిచ్చిన కళాశాలకు మామూలు మాటలు చాలవని ఆయన గ్రహించినట్టుంది. బీబీసీ రేడియో 1928లో ప్రసారం మొదలుపెట్టిన ఆ ఆరాధన, ఒక్క బాలుడి గొంతుతో, ఏ వాద్యమూ తోడు లేకుండా మొదలవుతుంది; పాడవలసింది ఎవరో చివరి నిమిషం దాకా బాలుర బృందానికి చెప్పరు.

ఈ పదవికి ప్రార్థనాలయం గోడలే హద్దు కాదని దక్షిణాఫ్రికాలో డెస్మండ్ టూటూ జీవితం చూపించింది. లండన్ కింగ్స్ కాలేజీలో చదివి తిరిగివెళ్లిన ఆయన 1967 నుంచి ఆలిస్ పట్టణంలోని వేదాంత విద్యాలయంలో బోధిస్తూ, పక్కనే ఉన్న ఫోర్ట్ హేర్ విశ్వవిద్యాలయానికి ఆంగ్లికన్ చాప్లిన్‌గా ఉన్నారు. నల్లజాతి విద్యార్థుల ఆ విద్యాలయాన్ని అప్పటికే జాతివివక్ష ప్రభుత్వం తన గుప్పిట్లోకి తీసుకుంది. 1968లో యాజమాన్యం విధానాలపై విద్యార్థులు బైఠాయించినప్పుడు పోలీసులు కుక్కలతో వచ్చి చుట్టుముట్టగా, టూటూ ఆ వలయాన్ని దాటుకుని పిల్లల మధ్యకు వెళ్లి వారితో కలిసి ప్రార్థించారు. వారిని విడిపించే అధికారం ఆయనకు లేదు. వారిని ఒంటరిగా వదలని బాధ్యత మాత్రం ఉంది. 1984లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న టూటూను ప్రపంచం ఆర్చిబిషప్‌గా ఎరుగును గానీ, రాజ్యం బలాన్ని ఆయన మొదట ముఖాముఖి చూసింది చాప్లిన్‌గానే.

తెలుగునాటికి ఆంగ్లికన్ విద్య కేంబ్రిడ్జి నుంచే వచ్చింది. అక్కడ చదివిన రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో తెరిచిన పాఠశాలే తరువాత నోబుల్ కళాశాల అయింది. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. 1947లో ఆ సంఘం మరికొన్నింటితో కలిసి దక్షిణ ఇండియా సంఘం కావడంతో ఆంగ్లికన్ అనే పేరు ఇక్కడ వాడుక నుంచి తప్పుకుంది.

ఇప్పుడు తెలుగు కుటుంబాలకు ఈ పదవి మరో దారిలో ఎదురుకావచ్చు. ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న బిడ్డ హఠాత్తుగా మరణించాడన్న కబురు, అక్కడ రాత్రి తొమ్మిది గంటల వేళ బయలుదేరితే, శీతకాలంలో గుంటూరులో తెల్లవారుజామున రెండున్నరకు ఫోను మోగుతుంది. కారణం తెలియని మరణంపై కరోనర్ అనే అధికారి విచారణ జరపాలి గనుక మృతదేహం వెంటనే చేతికి రాదని విమానం దిగిన తల్లిదండ్రులకు ఓపికగా చెప్పడం, హిందూ చాప్లిన్‌నో దగ్గరలోని గుడివారినో కలపడం, తోటి విద్యార్థులను ఒకచోట కూర్చోబెట్టడం తరచుగా చాప్లిన్ల పాలిట పడతాయి. చివరికి హాస్టల్ గది ఖాళీచేసే రోజు వస్తుంది. పుస్తకాలు, చలికోటు, సగం మిగిలిన ఆవకాయ సీసాలలో దేన్ని ఇంటికి తీసుకువెళ్లాలో, దేన్ని వదిలెయ్యాలో ఆ తల్లి తేల్చుకునేదాకా, మతమేమిటని అడగని ఆ గురువు గుమ్మం దగ్గర ఖాళీ అట్టపెట్టె పట్టుకుని నిలబడి ఉంటారు.