ఇసుకదారికి మా బండి

పోయినేడు ఒమాన్‌లోని వహీబా ఇసుకతిన్నెల్లో మా ల్యాండ్ క్రూయిజర్ ఇరుసుదాకా కూరుకుపోయింది. వెనక సీట్లో పిల్లలు, చేతిలో రెండే నీళ్ల సీసాలు. తప్పు బండిది కాదు, నాదే. టైర్లలో గాలి తీయలేదు. రోడ్డు మీద 35 పౌండ్లుండే గాలిని ఇసుకలో 15కి దించితే టైరు పొడుగ్గా పరుచుకుని తేలుతుంది.

ఈ చలికాలానికి మార్పులు కొద్దిగానే: గాలి కంప్రెసరు, వెనక గట్టి స్ప్రింగులు, రెండంగుళాల ఎత్తు. మరీ ఎత్తితే బ్రేకు గొట్టాలు, డ్రైవ్‌షాఫ్టు కోణాలు అన్నీ చూసుకోవాలి. మనవాళ్లు ముందుగా బిగించేది టాప్ మీద ర్యాకు! నాకొద్దు. బరువు పైకెక్కితే తిన్నె వాలులో బండి పల్టీ కొడుతుంది. నీళ్ల క్యాన్లు కిందనే, సీట్ల వెనక. తోడుగా రెండో బండి లేనిదే కదిలేది లేదు.

"మరి పులిహోర గిన్నె?" అంది మా ఆవిడ. దానికింకా చోటు వెతుకుతున్నాను.