వంకర రేకు చదునుగా కూర్చునేదెలా?

సూరత్ జిల్లా పల్సానా తాలూకాలో, 48వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న కడోదరా అనగానే బట్టల మిల్లులు, అద్దకం కర్మాగారాలు గుర్తుకొస్తాయి. సూరత్ మరమగ్గాల మీద తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు ఎన్నో పనిచేస్తున్నాయి. అయితే మగ్గం ఉన్న చోట లోహపు పని కూడా తప్పదు. యంత్రాలకు తొడుగులు, కరెంటు ప్యానెళ్లకు మూతలు, దుకాణాలకు బోర్డులు కావాలి. వీటికి వాడే పలుచని అల్యూమినియం రేకులను కోసే సాధనాలలో సిఎన్‌సి రౌటర్ ఒకటి. కంప్యూటర్ గీసిన దారిలోనే, వేగంగా తిరిగే బిట్ కదులుతూ రేకును కోస్తుంది.

యంత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా కదలగలదు. కానీ కింద ఉన్న రేకు చదునుగా లేకపోతే ఆ కచ్చితత్వం దేనికీ పనికిరాదు. రేకు పాడవుతుంది, బిట్ విరుగుతుంది, ఒక్కోసారి తెగిన ముక్క ఎగిరి కంటికో చేతికో తగులుతుంది. ఈ చిక్కు వెనుక ఉన్న భౌతికశాస్త్రం తెలిస్తే పరిష్కారం సులువుగా అర్థమవుతుంది.

రేకుకు వంకర ఎందుకు?

పలుచని రేకును కర్మాగారంలో రోలర్ల మధ్య నొక్కి, పెద్ద చుట్టగా చుడతారు. తర్వాత విప్పి, చదును చేసి, ముక్కలుగా కత్తిరిస్తారు. చుట్టలో ఉన్నప్పటి వంపు కొంత అలాగే మిగిలిపోతుంది. పైగా రేకు లోపల ఒక పొర సాగాలని, మరో పొర ముడుచుకోవాలని చూస్తూ ఉంటాయి. వీటినే అంతర్గత ఒత్తిళ్లు అంటారు. రేకు మొత్తంగా ఉన్నంతసేపు ఇవి ఒకదానినొకటి సరిపెట్టుకుంటాయి. మధ్యలో కొంత భాగం కోసి తీసేయగానే ఆ సమతూకం చెడుతుంది. అందుకే కోత మొదలయ్యేటప్పుడు చదునుగా ఉన్న రేకు కూడా, సగం కోసేసరికి ఎండలో పెట్టిన అప్పడంలా లేస్తుంది.

బిట్ పైకి లాగుతుంది

చాలా బిట్‌లకు మెలి తిరిగిన గాడి ఉంటుంది. తెగిన లోహపు రజను ఆ గాడి వెంట పైకి వస్తుంది. రజనుతో పాటు రేకు మీద కూడా పైకి లాగే బలం పడుతుంది. నిమిషానికి 18,000 సార్లు తిరిగే బిట్‌కు ఒకే అంచు ఉన్నా, అది సెకనుకు 300 సార్లు రేకును కొడుతుంది. కింద ఖాళీ ఉంటే రేకు డప్పు మీది తోలులా అదురుతుంది. గరగరమనే చప్పుడు వచ్చిందంటే ఆ అదురు మొదలైనట్టే.

నాలుగు మూలలా క్లాంపులు బిగిస్తే చాలదా అనిపించవచ్చు. చాలదు. రెండు చివరల పట్టి ఉంచిన రేకు పట్టీని మధ్యలో లాగితే, అది ఎంత వంగుతుందన్నది పట్టుల మధ్య దూరపు ఘనాన్ని బట్టి ఉంటుంది. దూరం సగమైతే వంపు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. మందం విషయంలోనూ ఇదే లెక్క: 2 మి.మీ. రేకుతో పోలిస్తే 1 మి.మీ. రేకు ఎనిమిది రెట్లు ఎక్కువ వంగుతుంది. కాబట్టి మూలల్లో క్లాంపులను ఎంత గట్టిగా బిగించినా లాభం తక్కువ. కోత దారికి దగ్గరగా, తక్కువ దూరంలో పట్టుకోవాలి.

అంచుకు కదిలే చోటు ఇవ్వాలి

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. మధ్యలో ఉబ్బిన రేకును ముందు రెండు చివరలా బిగించి, తర్వాత మధ్యలో నొక్కుతారు. ఉబ్బు చదునవ్వాలంటే రేకు పక్కలకు జరగాలి. చివరలు బిగిసి ఉంటే ఎక్కడికి జరుగుతుంది?

ఒక లెక్క చూద్దాం. 600 మి.మీ. దూరంలో రెండు క్లాంపులు ఉన్నాయి. వాటి మధ్య రేకు 0.1 మి.మీ. మాత్రమే ఎక్కువగా ఉందనుకుందాం. అది ఒక కాగితం మందం. అంత చిన్న తేడాకే మధ్యభాగం దాదాపు 5 మి.మీ. లేవగలదు! ఆ కాగితమంత చోటు అంచుల దగ్గర ఇస్తే చాలు, ఉబ్బు పోతుంది.

వేడి వల్లా ఇదే జరుగుతుంది. 2.4 మీటర్ల అల్యూమినియం రేకు 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.1 మి.మీ. సాగుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు అన్నివైపులా బిగించిన రేకు మధ్యాహ్నం లేస్తే ఆశ్చర్యం లేదు.

ఫోన్ అద్దానికి పలుచని ఫిల్మ్ అంటించేటప్పుడు మనం మధ్య నుంచి అంచులకు తుడుస్తాం. రేకుకూ అదే పద్ధతి. మొదటి స్క్రూ మధ్యలో వేసి, అంచుల వైపు వెళ్తూ మిగతావి బిగించాలి.

గాలి పట్టు ఎంత?

17వ శతాబ్దంలో జర్మనీలోని మాగ్డెబర్గ్‌కు చెందిన ఆటో వాన్ గెరికె, రెండు లోహపు అర్ధగోళాలను కలిపి లోపలి గాలి తీసేసి, గుర్రాలు లాగినా విడిపోవని చూపించాడు. వాక్యూమ్ బెడ్ చేసేదీ అదే. రేకు కింది గాలిని పంపు లాగేస్తుంది, పైనున్న వాతావరణం రేకును నొక్కుతుంది. పూర్తి శూన్యం ఉంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు పడుతుంది. 60 శాతం శూన్యమైనా 60×60 సెం.మీ. రేకు మీద రెండు టన్నులకు పైగా ఒత్తిడి ఉంటుంది.

మరి రేకు ఎందుకు జారుతుంది? రెండు కారణాలు. ఒకటి, సన్నని సందులోంచి దూరే గాలి కూడా సందు ఎత్తు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. సందు రెట్టింపైతే కారే గాలి ఎనిమిది రెట్లు. అంచులు లేచిన రేకు కింద శూన్యం నిలవదు. రెండు, తెగిన చిన్న ముక్కకు వైశాల్యం తక్కువ. 5×5 సెం.మీ. ముక్క మీద పడేది 15 కిలోలే. పక్కకు జరగకుండా ఆపేది రాపిడి మాత్రమే. రాపిడి గుణకం 0.2 అయితే 3 కిలోల తోపుకే ముక్క జారిపోతుంది.

ఇక అయస్కాంతాలు ఇనుప రేకును పట్టుకుంటాయి గానీ, అల్యూమినియంను పట్టుకోవు.

బెడ్ దగ్గర పాటించాల్సినవి

• వాక్యూమ్ బెడ్ మీద ఉబ్బు పైకి, అంచులు కిందికి ఉండేలా రేకును పరచండి. అంచులు బెడ్‌కు ఆనితే గాలి కారడం తగ్గుతుంది.
• కింద ఎండీఎఫ్ పలక వేసి, వృథాగా పోయే భాగంలో స్క్రూలు బిగించండి. ముక్కలో ఎలాగూ రంధ్రాలు ఉంటే ముందు వాటిని వేసి, వాటిలోంచే స్క్రూ బిగించవచ్చు.
• రజనును కిందికి తోసే గాడి ఉన్న బిట్ వాడితే రేకు పైకి లేవదు. అయితే రజను కోతలోనే ఇరుక్కుంటుంది కాబట్టి గాలితో ఊదుతూ ఉండాలి.
• లోపలి కోతలు ముందు, బయటి చుట్టుకొలత చివర. ముక్క పూర్తిగా విడిపోకుండా అక్కడక్కడ సన్నని వంతెనలు వదిలి, తర్వాత చేత్తో తెంపండి.
• లోతు కొలతను రేకు పైభాగం నుంచి కాక, కింది పలక నుంచి తీసుకోండి. అప్పుడు ఉబ్బు ఎంతున్నా కోత కింది వరకు దిగుతుంది.
• స్క్రూలకు, క్లాంపులకు బిట్ తగలదని నిర్ధారించుకోవడానికి ముందుగా బిట్‌ను పైకెత్తి ఒకసారి ఖాళీగా నడిపించండి.

కళ్లద్దాలు తప్పనిసరి. తిరిగే బిట్ దగ్గర చేతి తొడుగులు వద్దు, అవి చిక్కుకుంటే చేతినీ లాగేస్తాయి. రేకు లేచిందని కనబడగానే వేలితో నొక్కాలనిపిస్తుంది. ఆ పని ఎప్పుడూ చేయకండి. యంత్రం ఆపండి, మధ్య నుంచి మళ్లీ బిగించండి. రేకు పోతే మరొకటి దొరుకుతుంది.