చేని గట్టుమీది పసిబిడ్డ: కూలి పెట్టు రైతు చేయదగిన సాయము



న్యాల్‌కల్ ప్రాంతపు నల్లరేగడి చేలలో పెసర, మినుము, కంది, పత్తి కలుపునకు వచ్చినప్పుడు స్త్రీల చేతులు లేనిదే పని సాగదు. అదను తప్పిన కలుపు పైరును మింగును. అట్టి సమయమున పిలిచిన కూలి స్త్రీ రాలేకపోవుటకు చంటిబిడ్డ యొక కారణము. ఇంట విడిచిన చూచువారు లేరు. చేనికి తెచ్చిన, చెట్టుకొమ్మకు చీరతో ఊయెల కట్టి, గడియకొకసారి పోయి చూడవలెను. ఎండ, పాము, ఒరలేని బావి, పత్తికి చల్లిన పురుగుమందు ఆ బిడ్డకు దాపుననే యుండును. ఇక మిగిలిన మార్గము పెద్దకూతురిని బడి మాన్పించుట. ఒక బిడ్డను కాపాడుటకు వేరొక బిడ్డ చదువు చెడును.

కర్మాగారముల విషయమున ప్రభుత్వము పూర్వమే ఆలోచించినది. 50 మందికి మించి స్త్రీలు పనిచేయు చోట ఆరేండ్లలోపు పిల్లలకు శిశుగృహము ఉండవలెనని 1948 సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము విధించెను. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించిరి. అయితే ఐదారుగురు కూలీలను పిలుచుకొను రైతుకు ఇట్టి నియమములు వర్తింపవు. చట్టము మనలను అడుగకపోయినను బిడ్డల యవసరము తీరలేదు.

అంగన్‌వాడీలు కలవు గదా యని కొందరందురు. 1975 అక్టోబరు 2వ తేదీన మొదలైన యా పథకము వలన గ్రామములకు గొప్ప మేలు కలిగినది. కాని అచ్చటి ఆటపాటలు, చదువు 3 మొదలు 6 ఏండ్లవారికి ఉద్దేశింపబడినవి. అంతకు చిన్నవారికి ఆహారము ఇంటికిచ్చెదరే గాని, దినమంతయు కనిపెట్టుకొని యుండు ఏర్పాటు సాధారణముగా లేదు.

ఈ పని మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1983లో ఏర్పడి, పస్తాపూరు కేంద్రముగా పనిచేసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో జహీరాబాదు చుట్టుపట్ల గ్రామములందు పేద స్త్రీల సంఘములు బాల్వాడీలను నడిపినవి. తల్లులు పనికి పోగా పిల్లలకు అచ్చట నీడయు, జొన్న మొదలగు మన ధాన్యముల తిండియు లభించెను. కూలి చేయువారే ఇంత చేయగా, కూలి పెట్టువారు ఊరకుండుట తగునా?

మనకు పనికివచ్చు సూత్రమొకటి 2005 సంవత్సరపు గ్రామీణ ఉపాధి హామీ చట్టమున చేర్చబడెను. పనిచోటికి ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు లేక అంతకు మించి వచ్చినచో, కూలి స్త్రీలలో నొకరిని వారిని చూచుటకు నియమించి, ఆమెకును కూలి యీయవలెనని దాని భావము. ఐదుగురు రైతులు తలకు ఆరుగురు చొప్పున 30 మంది స్త్రీలను పిలిచిరనుకొనుడు. పిల్లలను చూచు నామె కూలిని పంచుకొన్నచో ఒక్కొక్క రైతుపై పడునది ఒక కూలిలో ఐదవ పాలు మాత్రమే. అదనున ఇద్దరు కూలీలు తప్పిన నష్టముతో దీనిని పోల్చి చూడుడు.

సహకార సంఘము చేయవలసినది ఇది. కలుపు, పత్తి ఏరుట, కోత కాలములకు ముందే పసిబిడ్డల జాబితా వ్రాయవలెను. ఊరిలో గాలి, నీడ, మంచినీరు గల గది నొకదానిని చూడవలెను. ఎరువులు, పురుగుమందులు నిలువచేయు గోదాము దీనికి తగదు. చూచు నామెను తల్లులే యెన్నుకొనవలెను, లేనిచో వారికి నమ్మకము కుదురదు. చంటిపిల్లలు ఎక్కువైనచో ఇద్దరిని పెట్టుడు. పాలిచ్చు తల్లి బిడ్డకడకు పోయివచ్చు వేళకు కూలి కోయరాదు. ఈ ఖర్చును తల్లుల కూలినుండి పట్టుకొనరాదు. లెక్కలను సర్వసభ్య సమావేశమున చదివి వినిపింపవలెను.

విత్తనములకును ఎరువులకును ముందుగా చేరి తీర్మానించుకొను మనము, రాబోవు కలుపునకు ముందు ఈ తీర్మానమును గూడ చేసికొందము గాక.