రిటర్న్ లోడు లెక్క

మణుగూరు నుంచి కొత్తగూడెం వచ్చే రాత్రి బస్సులో కునికిపాట్లు పడుతున్నా తెలిసిపోతుంది, ఎదురొచ్చే లారీ లోడుతో ఉందో ఖాళీగా ఉందో. బొగ్గు బండి చిన్న గేరులో మూలుగుతూ ఎత్తు ఎక్కుతుంది. ఖాళీ బండి తొట్టి దడదడలాడుతూ, వెనక తలుపు గొలుసులు గలగలమంటూ దూసుకుపోతుంది. లారీ యజమానికి ఆ గలగల వింటే కడుపు మండుతుంది. డీజిల్ కాలుతోంది, టైర్లు అరుగుతున్నాయి, కిరాయి మాత్రం లేదు.

పది చక్రాల లారీకి 2018లో సవరించిన నిబంధనల ప్రకారం లోడుతో కలిపి 28.5 టన్నుల దాకా అనుమతి. అందులో బండి సొంత బరువే దాదాపు పది టన్నులు. అదే వేగంలో పోతున్నప్పుడు గతిశక్తి బరువును బట్టి పెరుగుతుంది. కాబట్టి లోడు బండిని ఆపాలంటే బ్రేకులు ఖాళీ బండికి కన్నా సుమారు మూడింతల శక్తిని మింగాలి. డీజిల్ ఖర్చు మాత్రం మూడింతలు కాదు. ఎదురుగాలి, ఇంజన్ లోపలి రాపిడి లోడును చూసి తగ్గవు కదా! అందుకే ఖాళీ ట్రిప్పు మనం అనుకున్నంత చవక కాదు.

మరి తిరుగు ప్రయాణంలో ఏదో ఒకటి వేసుకు రావచ్చు కదా? పాల్వంచ థర్మల్ కేంద్రం దగ్గర బొగ్గు దించిన బండికి అక్కడ దొరికే సరుకు బూడిద. ఎండు బూడిద గాలికి లేస్తుంది, దానికి మూసి ఉండే బల్కర్ లారీ కావాలి. బొగ్గు మసి పట్టిన తొట్టిలో ఖమ్మం మిర్చి బస్తాలు ఎవరూ వేయనివ్వరు. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తెచ్చిన బండిలో కాగితం రీళ్లు పోవు, వాటికి వాన తగలకూడదు. సరుకు ఉంటే చాలదు, దానికి తగిన తొట్టి, దిగే ఊరు, సమయం అన్నీ కలిసి రావాలి.

ఈ చిక్కుముడినే 1984లో ఇద్దరు కేంబ్రిడ్జ్ విద్యార్థులు ఆటగా మార్చారు. డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ రాసిన 'ఎలైట్' బీబీసీ మైక్రో కంప్యూటర్‌లో, 32 కిలోబైట్ల మెమరీలో నడిచింది. అందులో ఎనిమిది గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 నక్షత్రాలు. అన్నిటి వివరాలూ దాచుకునే చోటు లేదు గనుక, పేర్లనూ లక్షణాలనూ సూత్రంతో అప్పటికప్పుడు లెక్కగట్టేవారు. ఆటగాడి చేతిలో మొదట వంద క్రెడిట్లు, ఇరవై టన్నులు పట్టే ఓడ. వ్యవసాయ గ్రహంలో తిండి చవక, పారిశ్రామిక గ్రహంలో కంప్యూటర్లు చవక. పోతూ తిండి, వస్తూ కంప్యూటర్లు వేసుకున్నవాడికి రెండు వైపులా లాభమే. ఇప్పటికీ ఇలాంటి ఆటల్లో సరుకు మోసేవాళ్లు వెతికేది ఆ జంట మార్గాన్నే.

2014లో ఆన్‌లైన్ ఆటగా వచ్చిన 'ఎలైట్ డేంజరస్' దీనికి బరువును తోడు చేసింది. అందులో ఖాళీ ఓడ ఒక్క గెంతులో పోయే దూరం ఎక్కువ, నింపితే తక్కువ. సరుకు పెరిగితే గెంతులు పెరుగుతాయి, సమయమూ పెరుగుతుంది.

2003లో ఐస్‌లాండ్ నుంచి వచ్చిన 'ఈవ్ ఆన్‌లైన్'లో సరుకు పంపేవాళ్లూ మోసేవాళ్లూ ఆటగాళ్లే. మోసేవాడు సరుకు విలువకు సరిపడా ధరావతు కట్టి, చేర్చాక కిరాయి పుచ్చుకుంటాడు. దారిలో దోపిడీదారులు కాపు కాస్తారు. పోలీసులు వచ్చి వాళ్ల ఓడలను పేల్చేస్తారు గానీ, ఆలోపే సరుకు ఓడ బద్దలైపోవచ్చు. దొంగలదీ లెక్కే: పేలిన ఓడలో సరుకు సుమారు సగమే మిగులుతుంది. ఆ సగం విలువ తాము పోగొట్టుకునే ఓడలకన్నా ఎక్కువైతేనే దాడి గిట్టుబాటు. అందుకే తెలివైన రవాణాదారు ఓడలో చోటున్నా విలువైన సరుకుతో నింపెయ్యడు.

నిజమైన అంతరిక్షంలోనూ తిరుగు లోడు బెడద ఉంది. 1978 నుంచి ఎగురుతున్న రష్యా 'ప్రోగ్రెస్' రవాణా నౌక అంతరిక్ష స్టేషన్‌కు సరుకు చేర్చి, చెత్త నింపుకుని వాతావరణంలో కాలిపోతుంది. అమెరికా 'సిగ్నస్'దీ అదే తీరు. కిందికి సరుకు దించాలంటే వేడికవచం, పారాచూట్లు కావాలి. వాటి బరువును పైకి మోయాలి, ఆ మేరకు ఎక్కే సరుకు తగ్గుతుంది. 2012లో స్టేషన్ చేరిన 'డ్రాగన్' నౌక ఆ మూల్యం చెల్లించి, ప్రయోగాల నమూనాలతో సముద్రంలో దిగింది. అక్కడ రిటర్న్ లోడు కోసం తొట్టినే మార్చి కట్టుకున్నారు.

పాల్వంచలో తొట్టి మార్చడం కుదరదు. బొగ్గు దించిన డ్రైవరు టీ కొట్టు ముందు బండి ఆపి, ఫోన్ తీసి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు కలుపుతాడు: "అన్నా, ఇటు నుంచి లోడేమన్నా ఉందా?"